రాజశేఖరానికి ముఖం ఎవరిచ్చారు?

ప్రొద్దుటూరులో మా పెద్దమ్మ దగ్గర ఒక బైండు పుస్తకం ఉండేది. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ నవల. అంగడిలో కొన్నది కాదు. 1960ల నడుమ జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వస్తున్నప్పుడు నెలనెలా ఆ పేజీలు కత్తిరించి పెట్టెలో దాచి, చివరి భాగం చేతికందాక అట్ట వేయించి కుట్టించుకుంది. తిప్పుతుంటే కొన్ని పేజీల వెనక సగానికి తెగిన సబ్బు ప్రకటనలు, వంటింటి చిట్కాలు కనిపించేవి. మధ్యలో ఒక నెల భాగం మాత్రం అచ్చులో లేదు. ఆ సంచికను చదివి ఇస్తామని తీసుకెళ్లినవాళ్లు తిరిగి ఇవ్వలేదట. వెనక వీధిలో ఇంకొకరి దగ్గర అరువు తెచ్చి, రూళ్ల కాగితాల మీద నీలి సిరాతో ఆ నెల కథంతా ఎత్తిరాసుకుంది. ఆ కాగితాలను వాటి చోట చేర్చాకే కుట్టుకు ఇచ్చింది.

1976లో ఆ నవల సినిమాగా వచ్చింది. కె.ఎస్. ప్రకాశరావు దర్శకుడు. రాజశేఖరంగా అక్కినేని నాగేశ్వరరావు, జయంతిగా వాణిశ్రీ. పెద్దమ్మ ఇంటిపని పెందలాడే ముగించుకుని, వీధిలో ఇద్దరిని వెంటబెట్టుకుని మొదటి వారంలోనే వెళ్లింది. తిరిగొచ్చి వాకిట్లో కాళ్లు కడుక్కుంటూ ఆమె అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ సామెతలా చెల్లుతుంది. “నాగేశ్వరరావు బాగానే చేశాడు. కానీ ఆయన నాగేశ్వరరావే కదా, రాజశేఖరం ఎట్లా అవుతాడు?”

చాలా ఏళ్లు దాన్ని నవ్వులాటగానే తీసుకున్నాను. ఇష్టమైన నవల తెరకెక్కిన ప్రతిసారీ చదివినవాళ్లు ఎందుకు మొహం ముడుచుకుంటారో ఆలోచిస్తూ పోతే, తిరిగి తిరిగి ఆ మాట దగ్గరికే రావలసి వచ్చింది.

మామూలుగా చెప్పే కారణం అందరికీ తెలిసిందే: కథ మార్చేశారు. మార్చడమే నేరమైతే మనం ముందుగా కోప్పడవలసింది మన సీమ దర్శకుల మీద. పులివెందుల వైపు కొత్తపల్లెలో పుట్టిన బి.ఎన్. రెడ్డి ‘బంగారు పాప’కు మూలం, జార్జ్ ఎలియట్ 1861లో రాసిన ‘సైలస్ మార్నర్’ నవల. ఇంగ్లండు పల్లెలో మగ్గం నేసుకునే ఒంటరివాణ్ని తెచ్చి, ఎస్.వి. రంగారావు చేత కోటయ్యగా వేయించారు. అంతకుముందు తీసిన ‘మల్లీశ్వరి’ (1951)లో బుచ్చిబాబు రేడియో నాటిక ఒక పాయ, దేవన్ షరార్ ఇంగ్లీషు రచన ఇంకో పాయ. తాడిపత్రివాడైన కె.వి. రెడ్డి నార్వే రచయిత ఇబ్సెన్ నాటకాన్ని పట్టుకొచ్చి ‘పెద్దమనుషులు’ (1954) చేశారు. ఆయన ‘పాతాళభైరవి’ కాశీమజిలీ కథల్లోంచి మొలిచింది. ఇన్ని మార్పులు, ఇన్ని అతుకులు. అయినా కడపలోనో అనంతపురంలోనో హాలు బయటికి వచ్చి “పాపం సైలస్‌ను పాడుచేశారు” అన్నవాడు ఉంటాడని నేననుకోను.

సినిమాలు గొప్పవి కాబట్టి అడగలేదని మీరనవచ్చు. గొప్పవే. కానీ ఎలియట్‌ను బడిలో చదువుకుని పెరిగిన ఒక ఇంగ్లీషు పాఠకురాలిని తెచ్చి ‘బంగారు పాప’ ముందు కూర్చోబెట్టి ఉంటే, రంగారావు నటనకు కళ్లు తుడుచుకుంటూనే మా పెద్దమ్మలాగా ఏదో ఒకటి అని ఉండేది. నిరాశ ఒక్క సినిమాలోనే ఉండదు. కుర్చీలో కూర్చున్న మనిషి ఇంటి నుంచి ఏమి మోసుకొచ్చుకుందో, అందులోనూ సగం ఉంటుంది.

ఏమి మోసుకొస్తుంది? నవలలో పేజీ నిండా అక్షరాలు కనిపిస్తాయి గానీ, నిజానికి అందులో ఖాళీలే ఎక్కువ. రచయిత్రి ఒక మనిషిని పొడగరి అనీ, తక్కువ మాట్లాడతాడనీ రెండు ముక్కలు చెప్పి ముందుకు పోతుంది. ముక్కు, గొంతు, నడక, చేతి గడియారం అన్నీ చదివేవాళ్లే సమకూర్చుకోవాలి. ఎక్కడినుంచి? సొంత సరుకులోంచే. ఎప్పుడో బస్సులో కనిపించి దిగిపోయిన ఒకరి భుజాలు, చదువుకున్నప్పటి మాస్టారి గొంతు, దూరపు చుట్టం ఒకాయన చొక్కా చేతులు మడిచే తీరు. పుస్తకంలో ‘మేడ’ అని ఉంటే పెద్దమ్మకు కనిపించేది ప్రొద్దుటూరులో బంగారు అంగళ్లవాళ్ల మేడ. ఆమె ఏనాడూ మెట్లెక్కని మేడ అది. అందుకే ఆ లోపలి గదులన్నీ ఆమె ఇష్టం వచ్చినట్టు కట్టుకోగలిగింది.

కెమెరాకు ఇలా ఖాళీ వదిలే వీలు లేదు. గది చూపించాలంటే గోడకు ఏదో ఒక రంగు ఉండి తీరాలి. కిటికీకి పరదా, మంచం మీద దుప్పటి, ఆ దుప్పటి మీద పువ్వులో గళ్లో, ఇవన్నీ ఎవరో ఒకరు తేల్చాలి. తేల్చిన ప్రతిదీ చదివినవాళ్లు ముందే తేల్చుకున్నదానితో ఢీకొంటుంది. ఒక్క సంఘటన మార్చకుండా, ఒక్క మాట తీసేయకుండా తీసినా ఈ ఢీ తప్పదు. సీరియల్‌కు బొమ్మలు వేసేవారు కదా, అప్పుడెందుకు నొచ్చుకోలేదని అడగవచ్చు. గీసిన బొమ్మ కూడా ఖాళీలు వదిలే కళే. నాలుగు గీతల మనిషికి గొంతు ఉండదు. పైగా ఆ గీతల మనిషి పోయిన నెల ఇంకో సినిమాలో ఇంకెవరినో ప్రేమించి ఉండడు.

సీరియల్ పాఠకుల విషయంలో ఇంకొకటి కూడా ఉంది. భాగానికీ భాగానికీ మధ్య ముప్ఫై రోజులు. ఆ ముప్ఫై రోజులూ కథ ఆగదు. జయంతి ఏమంటుంది, ఆయన ఏమి చేస్తాడు అని బావి దగ్గర, పిండిమర దగ్గర వాదనలు నడుస్తాయి. రచయిత్రి రాయని దృశ్యాలు పాతిక పుడతాయి, వచ్చే సంచికతో ఇరవై కొట్టుకుపోతాయి. మిగిలిన ఐదూ మనసులో నవలలో భాగంగానే ఉండిపోతాయి. పెద్దమ్మ ఒక నెల కథను స్వయంగా చేత్తో రాసింది కూడా. ఆ పుస్తకంలో ఆమెకు వాటా లేదని చెప్పే ధైర్యం నాకైతే లేదు.

ముఖం సంగతి ఇలా ఉంటే, గొంతు సంగతి ఇంకా చిక్కు. విశ్వనాథ సత్యనారాయణ ‘ఏకవీర’ మధుర నాయకుల కాలపు నవల. ఒకరు మనసిచ్చిన అమ్మాయిని ఇంకొకరు తెలియక పెళ్లాడిన ఇద్దరు మిత్రుల కథ. బయట జరిగేది తక్కువ, మనసుల్లో జరిగేది కొండంత. 1969లో సి.ఎస్. రావు దాన్ని సినిమా తీశారు. ఎన్.టి. రామారావు, కాంతారావు, కె.ఆర్. విజయ, జమున నటించారు. మాటలు సి. నారాయణరెడ్డి, సంగీతం కె.వి. మహదేవన్. ఎవరికీ వంక పెట్టలేం. అయినా నవల చదివినవాళ్లకు ఏదో జారిపోయినట్టు ఉంటుంది. జారిపోయింది పాత్రలు కాదు, వాటి గురించి మనకు చెబుతున్న మనిషి. విశ్వనాథ వాక్యం ఒక స్త్రీ మనసు మెలితిరగడాన్ని పేజీన్నర చెప్పగలదు. తెర మీద ఏ నటి అయినా చేయగలిగింది కిటికీ దాకా నడిచి నిలబడడం. చదివినవాళ్లకు ఆ వీపు వెనక పేజీన్నర వచనం వినిపిస్తుంది. చదవనివాళ్లకు వీపే కనిపిస్తుంది.

దీనికి తెలుగు సినిమా ఎప్పుడో ఒక మందు కనిపెట్టింది. పాట. బెంగాలీ రచయిత శరత్ 1917 నాటి ‘దేవదాసు’ చక్రపాణి అనువాదాల పుణ్యమా అని ఇక్కడ ఎంతగా ఇంటి పుస్తకమైపోయిందంటే, శరత్ తెలుగువాడే అనుకున్నవాళ్లు కూడా ఉన్నారని చెప్పుకుంటారు. అంతమంది చదివిన నవలను 1953లో వేదాంతం రాఘవయ్య తీస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. నేను పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది జరగకూడదు. జరిగింది ఎందుకంటే, నవలలో రచయిత చెప్పవలసిన లోపలి దుఃఖాన్ని సముద్రాల మాట, సుబ్బరామన్ బాణీ, ఘంటసాల గొంతు మోశాయి. కథ చెప్పే మనిషి పోలేదు, గాయకుడిగా వేషం మార్చుకున్నాడు. కాబట్టి “నవలలో లేని పాటలు ఇరికించారు” అని కోప్పడే ముందు నేను ఒకటి చూసుకుంటాను. ఆ పాట రచయిత పని చేస్తోందా, లేక కథానాయకుడికి విదేశీ చలిలో గెంతడానికి వీలు కల్పిస్తోందా? రెండోదైతే కోపం న్యాయమే.

డబ్బు సంగతి పెద్దగా విప్పి చెప్పనక్కరలేదు, ఒక్క లెక్క చాలు. తెలుగులో నవల అచ్చేస్తే సాధారణంగా వెయ్యి ప్రతులు. ఆరు వందల సీట్ల హాలు ఒక్కటి రెండు ఆటలు నిండితే ఆ వెయ్యి దాటిపోతుంది. కోట్లు పెట్టినవాడు చదివినవాళ్ల కోసం సినిమా తీయడు, తీయలేడు. చదవని లక్షల మంది కోసం తీస్తాడు. పాత్రల పదును అరిగిపోయేది అక్కడే. డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’లో ఇందిర అని ఒక అమ్మాయి ఉంటుంది. ఉత్తమురాలని మెచ్చుకోలేం, చెడ్డదని తీసిపారేయలేం. తన బతుకు తను బతకాలని మొండిగా తేల్చుకున్న మనిషి. ఆ నవల ఆధారంగా 1963లో ఆదుర్తి సుబ్బారావు తీసిన సినిమా పేరు ‘చదువుకున్న అమ్మాయిలు’. రెండు పేర్లూ పక్కపక్కన పెట్టి చూడండి. కాలాన్ని దాటిపోయినవాళ్లు కాలేజీ దాటినవాళ్లయ్యారు. సరదాగా సాగే సినిమాయే, చూడవచ్చు. శ్రీదేవి 1961లోనే చనిపోయారు కాబట్టి ఆమె ఏమనేవారో వినే అవకాశం మనకు లేదు. (పేర్ల మాట వచ్చింది కనుక: 1960లో ‘చివరకు మిగిలేది’ అని సావిత్రి సినిమా ఒకటి వచ్చింది. దాని కథ ఒక బెంగాలీ సినిమాది. పేరు చూసి బుచ్చిబాబు నవల అనుకుని టికెట్టు కొన్నవాళ్లు ఎవరైనా ఉంటే నా సానుభూతి.)

నిడివి పెంచితే సరిపోతుందని కొందరి ఆశ. తమిళ రచయిత కల్కి ‘పొన్నియిన్ సెల్వన్’ 1950 నుంచి 1954 దాకా మూడున్నరేళ్లు సీరియల్‌గా వచ్చిన నవల. మణిరత్నం 2022లో, 2023లో రెండు భాగాలుగా తీశారు. కలిపి దాదాపు ఐదున్నర గంటలు. అయినా మణిమేకలై పాత్రకు చోటు దొరకలేదు. చెన్నైలో ఉండే నా తమిళ మిత్రుడికి అది తీరని బాధ. కర్నూలులో ఉండే నా తెలుగు మిత్రుడు అదే సినిమా చూసి ఫోను చేసి, “ఎవరు ఎవరికి అన్న, ఎవరు ఎవరికి చిన్నాన్న, ఒక కాగితం మీద గీసి పంపు” అన్నాడు. ఒకే సినిమా. ఒకరికి మనుషులు తక్కువయ్యారు, ఒకరికి ఎక్కువయ్యారు. దర్శకుడు ఇద్దరికీ ఒకేసారి ఏమి సమాధానం చెప్పగలడు?

రచయితలు ఇదంతా ఎలా ఊరుకుంటారని అడుగుతారు. కొందరు ఊరుకోలేదు. ఆర్.కె. నారాయణ్ ‘గైడ్’ను హిందీలో సినిమా తీస్తూ ఆయన ఊహించుకున్న ఊరు మాల్గుడిని మైసూరు వైపు నుంచి రాజస్థాన్ రంగుల్లోకి తరలిస్తే, దారి తప్పిన గైడ్ అని ఆయన ఒక వ్యాసమే రాశారు. 1965 నాటి ఆ సినిమాను దేశం మెచ్చుకుంది, రాసిన మనిషి ఒక్కడే మెచ్చుకోలేదు. ఇరవై ఏళ్ల తర్వాత శంకర్ నాగ్ ఆయన కథలను దూరదర్శన్ కోసం ఆగుంబేలో తీస్తే మాల్గుడి మళ్లీ ఇంటికొచ్చింది. ఊరు సరిగ్గా కుదిరితే సగం పని అయినట్టే అనడానికి నాకు దొరికిన పెద్ద సాక్ష్యం ఇదే.

చట్టం కూడా ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టం 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నాక కూడా రచన పరువు పోయేలా వికృతం చేస్తే రచయిత అభ్యంతరం చెప్పవచ్చు. మన్నూ భండారీ ‘ఆప్ కా బంటీ’ నవలను ‘సమయ్ కీ ధారా’ పేరుతో సినిమా తీసినప్పుడు ఆమె ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. మాధ్యమం మారితే కొన్ని మార్పులు తప్పవు గానీ, నవల ఆనవాలు లేకుండా కొత్తదైపోయేంత మార్పు కుదరదని 1986లో కోర్టు చెప్పింది. చివరికి ఇరుపక్షాలూ రాజీకి వచ్చాయి. రచయితకు ఇలా కనీసం ఒక సెక్షన్ ఉంది. నీలి సిరాతో ఒక నెల భాగం ఎత్తిరాసుకున్న పాఠకురాలికి ఏ సెక్షనూ లేదు.

ఇక మా కడప సంగతి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి మా జిల్లా రచయిత. ఆయన ‘కొండపొలం’ 2019లో అమెరికా తెలుగువాళ్ల సంఘం తానా నవలల పోటీలో బహుమతి అందుకుంది. కరువొచ్చి ఊళ్లో నీళ్లూ మేతా అయిపోతే గొర్రెల మందలను నల్లమలకు తోలుకుపోయి, వానలు పడేదాకా అడవిలోనే ఉండడం కొండపొలం. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రవాడు తండ్రితో కలిసి మంద వెంట వెళ్లి, అడవి దగ్గర ధైర్యం నేర్చుకుని తిరిగి రావడం కథ. 2021 అక్టోబరులో క్రిష్ దర్శకత్వంలో సినిమాగా వచ్చింది. సీమ యాస సినిమాల్లో ఏళ్ల తరబడి తొడగొట్టేవాళ్ల నోళ్లలోనే నానింది. కర్నూలు కొండారెడ్డి బురుజు తెర మీద కనిపిస్తే వెనకనుంచి సుమోలు వస్తాయని పిల్లలు కూడా చెప్పేస్తారు. అలాంటిది ఒక గొర్రెలకాపరి కుటుంబం తెరకెక్కుతోందంటే మేము ఎంత ఆశ పెట్టుకున్నామో వేరే చెప్పాలా.

మా పక్కింటి పెద్దాయనను వెంటబెట్టుకుని వెళ్లాను. చిన్నప్పుడు తండ్రితో నాలుగుసార్లు కొండపొలం పోయినవాడు. నవల చదవలేదు, కళ్లు ఆనవు. ఓబులమ్మగా రకుల్ ప్రీత్ సింగ్ కనిపించినప్పుడల్లా నాకు కుర్చీలో ముల్లు గుచ్చుకున్నట్టుంది. ఆ పాత్ర నవలలో లేదు, సినిమా కోసం చేర్చింది. మంద, తండ్రీ కొడుకులు, దాహం, భయం ఉన్న చోటికి ప్రేమకథను ఎందుకు తోలుకొచ్చారని లోలోపల గొణుక్కుంటూనే ఉన్నాను. యాస కూడా చెవికి ఆనలేదు. అందులో తప్పు నటులదే అనలేను. అచ్చులో ఉన్న యాసను నేను మా తాత గొంతుతో చదువుకున్నాను. జమ్మలమడుగువాడు వాళ్ల తాత గొంతుతో, రాజంపేటవాడు ఇంకో గొంతుతో చదివి ఉంటారు. ఇన్ని గొంతులకు ఒక్క నటుడు ఎక్కడ సరిపోతాడు?

పెద్దాయనకు ఓబులమ్మతో ఏ పేచీ లేదు. “చలాకీ పిల్ల” అన్నాడు. ఆయన కళ్లు చికిలించి చూస్తున్నది వెనకనున్న చెట్లను. విరామంలో టీ తాగుతూ, “అబ్బీ, ఈ అడివి మనది కాదు” అన్నాడు. ఎలా తెలుసని అడిగితే, ఇంత పచ్చగా ఉంటే మందను ఇల్లు దాటించే అవసరమేముంది అని ఎదురడిగాడు. చిత్రీకరణ చాలావరకు వికారాబాదు అడవుల్లో జరిగిందని నేను పత్రికల్లో చదివాను. ఆయన చదవలేదు, చెట్లను చూసి పట్టుకున్నాడు. అయినా ఇంటికి వచ్చేటప్పుడు సినిమాను ఒక్క మాట అననివ్వలేదు. “మా గొర్రెలను ఇంత పెద్ద తెర మీద ఇంతకుముందు ఎవరు చూపించారు?” అన్నాడు. నాకు నవల అడ్డం పడింది, ఆయనకు అడవి అడ్డం పడింది. హాలులో మిగిలినవాళ్లకు ఏదీ అడ్డం పడలేదు, కాబట్టి వాళ్లు పులి వచ్చినప్పుడు హాయిగా భయపడ్డారు.

ఆ తర్వాత కొన్నాళ్లు సాయంత్రాలు ఆయనకు నవల చదివి వినిపించాను. సినిమాలో పోయినదంతా ఇందులో ఉంది, ఇప్పుడు తృప్తి పడతాడు అనుకున్నాను. మంద అడవిలోకి దిగిన తర్వాత, రాత్రి మంట పక్కన తండ్రి కొడుకుతో మాట్లాడే చోట చెయ్యెత్తి ఆపాడు. కాసేపు గొంగడి అంచు లాక్కుంటూ కూర్చున్నాడు.

“రాసినాయన బాగానే రాశాడు,” అన్నాడు. “కానీ మా నాయన కొండలో ఇంత మాట్లాడేవాడు కాదు.”